కృతజ్ఞతాధర్మమును కులభేద నివారణమును

కృతజ్ఞత యనగా చేయబడిన మేలును ఎరుగుట. మేలునకు బదులు మేలు చేయుట రెండవ మెట్టు. ఎరుగుట మొదటి మెట్టు. ఎరుగనివాడు ఎంత ధనవంతుడైనను బదులీయజాలడు, ఏలయనగా ఎవరికి ఈయవలెనో వానికి తెలియదు. మన పూర్వులు కృతఘ్నతను పాపములన్నిటిలో హీనమైనదానినిగా ఎంచిరి. రామాయణమున కిష్కింధాకాండములో సుగ్రీవుడు రాజ్యము చేతికి వచ్చిన పిదప రామునికిచ్చిన మాట మరచి భోగములలో మునిగియుండగా, లక్ష్మణుడు వచ్చి అతనిని నిందించినది ఈ దోషమును గురించియే. తక్కిన పాపములకు ప్రాయశ్చిత్తము కలదు గాని కృతఘ్నునకు లేదని అచ్చట చెప్పబడినది.

ఇంత గట్టిగా కృతజ్ఞతను బోధించిన దేశమునందే, తనకు అన్నము సమకూర్చిన చేతిని తాకరాదని విధించిన ఆచారము శతాబ్దముల తరబడి ఎట్లు నిలువగలిగెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయు, ఆ సమాధానమునుండి మన దైనందిన జీవితమునకు కొన్ని నియమములను గ్రహించుటయు ఈ పాఠమునకు ఉద్దేశము.

1. మేలు ఎచ్చటినుండి వచ్చుచున్నది?

కాజీపేటనుండి విజయవాడకు పోవు రైలుమార్గమున, నెక్కొండకును మహబూబాబాదునకును నడుమ కేసముద్రమను ఊరు కలదు. చిరకాలము వరంగల్లు జిల్లాలో చేరియుండి, 2016లో జిల్లాల పునర్విభజన జరిగినది మొదలు అది మహబూబాబాదు జిల్లాకు చెందినది. చుట్టుపట్ల పల్లెలనుండియు తండాలనుండియు మిరప, ప్రత్తి, మొక్కజొన్న మున్నగు పంటలు ఇచ్చటి వ్యవసాయ మార్కెట్టునకు వచ్చును.

ఆ మార్కెట్టులోని యొక్క మిరపకాయల బస్తాను తీసికొని విచారింతము. దుక్కి దున్నినవాడొకడు. నారు నాటినది యొక స్త్రీ. కాయ కోసినవారు మరికొందరు. వారి చేతుల మంట ఇంటికి పోయి కడుగుకొన్నను తీరదు, ఆ చేతితోనే బిడ్డ ముఖము తుడువవలెను. కల్లమున ఎండబెట్టి తాలుకాయ ఏరినది యొక వృద్ధురాలు. బస్తాను వీపున కెత్తుకొని మోసినవాడొక హమాలీ. అమ్మకము ముగిసిన పిదప ఆ స్థలమును చిమ్మి శుభ్రపరచినది యొక పారిశుద్ధ్య కార్మికురాలు. ఇందరి చేతులు దాటి వచ్చిన కారమును మనము అన్నములో కలుపుకొని, ఇది నా సొమ్ముతో కొన్నది, నేనెవరికిని ఋణపడలేదు అనుకొనుచున్నాము.

ధర ఇచ్చితిమి గదా, ఋణమేమి? అని అడుగువారుందురు. ధర వస్తువునకు చెల్లినది. ఎండయందు నిలిచిన మనుష్యునకు మర్యాద చెల్లలేదు. వైద్యునకు రుసుము చెల్లించియు మనము చేతులు జోడించుచున్నాము. గురువునకు జీతమిచ్చియు లేచి నిలుచుచున్నాము. సొమ్ముతో తీరని శేషమొకటి కలదని ఆ చోట్ల మనకు తెలిసియున్నది. కాయ కోసినదాని విషయమున మాత్రము ఆ తెలివి మనలను విడిచిపోవుచున్నది. ఏల విడిచిపోవుచున్నది?

దీనికి ప్రాతకాలపు మోటబావి మంచి సాక్ష్యమిచ్చును. విద్యుత్తు పంపులు రాకమునుపు మన మెట్టప్రాంతములలో అనేక పొలములు మోటనీటితో పండెను. ఆ మోటబొక్కెన తోలుతో చేయబడునది. చచ్చిన పశువును ఊరినుండి తొలగించి, దాని చర్మము నొలిచి, తంగేడు చెక్కతో పదునుచేసి, బొక్కెన కుట్టి యిచ్చినవాడు మాదిగ. ఆ తోలుబొక్కెన తోడిన నీటితో వరి పండెను. ఆ వరియన్నము బ్రాహ్మణుని విస్తరిలోను దేవుని నైవేద్యములోను వడ్డింపబడెను. తోలు తాకిన నీరు పంటకు మైల కాలేదు. ఆ తోలును కుట్టిన చేయి మాత్రము ఊరబావి చేదను తాకినచో నీరు మైలపడునని చెప్పిరి. ఇందు ఆచారశుద్ధి యెక్కడ? మేలును గైకొని, మేలు చేసినవానిని కంటికి కనబడకుండ ఊరి వెలుపల నుంచుటయే ఇందలి రహస్యము. దాపున నున్నవానిని ఎరుగకుండుట కష్టము గనుక, ఎరుగకుండుటకు వీలుగా దూరముంచిరి. అంటరానితనము వ్యవస్థగా నేర్పబడిన కృతఘ్నత.

2. మోసినవారిని మరచుట

ఈ మరపు ఒక్క కులము విషయముననే జరుగలేదు. కేసముద్రము చుట్టును లంబాడీల తండాలు కలవు. వారి పూర్వులైన బంజారాలు వేలకొలది యెడ్లపై ఉప్పును ధాన్యమును వేసికొని దక్కను పీఠభూమి యంతటను సంచరించిరి. మొగలు సేనలకును దక్కను ప్రభువుల సేనలకును ఆహారము చేరవేసినవారు వారే. సముద్రతీరపు ఉప్పు లోపలి పల్లెలకు చేరుటకు వారి యెడ్ల బిడారులు ఆధారమయ్యెను. ఉప్పు తిన్నవాని విశ్వాసమును గురించి మనము ఎన్నియో సామెతలు చెప్పుదుము. ఆ ఉప్పును మోసి తెచ్చినవానిని గురించి చెప్పిన సామెత వినబడదు.

పిమ్మట రోడ్లు పడెను. 1889లో నిజాము రాష్ట్రపు రైలుమార్గము బెజవాడకు చేరెను. బంజారాల వర్తకము క్షీణించెను. ఇంతకు పూర్వమే 1871లో బ్రిటిషు ప్రభుత్వము నేరస్థ తెగల చట్టమును చేసి, కొన్ని సమూహములవారిని పుట్టుకతోనే నేరగాండ్రుగా ఎంచ నారంభించియుండెను. కొన్ని ప్రాంతములలో బంజారాలును ఆ ముద్రకు లోనైరి. ఆ చట్టము 1952లో రద్దయ్యెను గాని, తండావానిని చూడగానే అనుమానించు అలవాటు చట్టముతోపాటు రద్దు కాలేదు. లోకమునకు ఉప్పు మోసినవారిని లోకము దొంగలని పిలిచినది. జన్మమునుబట్టి మనుష్యుని గుణమును నిర్ణయించుటనే జాతివివక్ష యందురు. అది తెల్లవాని దేశమునకు మాత్రమే చెందిన దోషమని తలపరాదు.

తెల్లవాని యేలుబడిలో మనవారు పొందిన అవమానమును కూడ ఇచ్చట స్మరింపవలెను. 1860లో ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి బయలుదేరి దక్షిణాఫ్రికాలోని నటాలునకు ఒప్పందపు కూలీలను మొదటిసారిగా చేర్చినది. ఆ పిమ్మటి సంవత్సరములలో ఉత్తర ఆర్కాటు, విశాఖపట్టణము మున్నగు జిల్లాలనుండి తెలుగువారెందరో ఆ చెరకుతోటలకు పోయిరి. వారు నరికిన చెరకువలన తయారైన చక్కెరను తెల్లవారు అనుభవించిరి. నరికినవారిని మాత్రము కూలీ యను నిందాపదముతో పిలిచిరి. ఒప్పందము ముగిసిన పిదప అచ్చటనే నిలువదలచినవారిపై 1895 నాటి చట్టము ఏటికి మూడు పౌనుల పన్ను విధించెను. 1913లో గాంధీగారి నాయకత్వమున సమ్మె జరిగిన పిదప 1914లో ఆ పన్ను రద్దయ్యెను. ఈ కథ విన్నప్పుడు మన రక్తము ఉడుకును. ఉడుకవలసినదే. అయితే చక్కెర తిని చెరకు నరికినవానిని హీనపరచిన తెల్లదొరకును, అన్నము తిని నాటువేసినదానిని పేర పిలువని మన యింటి పెద్దకును భేదమేమో నిష్పక్షపాతముగా ఆలోచింపుడు.

3. తలక్రిందులైన ఋణము

మన సమాజమున కృతజ్ఞతను గూర్చిన బోధకు కొదువ లేదు. అయితే ఆ బోధ యంతయు క్రిందివానికే చేయబడినది. నిజాము రాష్ట్రమునందలి తెలంగాణ గ్రామములలో వెట్టిచాకిరి యను దుర్నయము ఇరువదవ శతాబ్దపు నడిమి కాలము వరకును సాగెను. చెప్పులు కుట్టువాడు చెప్పులను, కుమ్మరి కుండలను, చాకలి తన శ్రమను, మంగలి తన పనిని కూలి లేకయే దొరగడికి అర్పింపవలెను. అధికారి ఊరికి వచ్చినచో అతని మూట మోయవలెను. ఇంత యిచ్చినవారే చేతులు కట్టుకొని, నీ బాంచెను దొరా, నీ కాల్మొక్త అనవలెను. ఇచ్చినవాడు ఋణస్థుడయ్యెను, పుచ్చుకొన్నవాడు దాతయయ్యెను! ఆ మాట చెవికి కృతజ్ఞతవలె వినబడును గాని, అది భయమునకు వేసిన వేషము. 1946నుండి 1951 వరకు జరిగిన రైతాంగ పోరాటములో ఆ వేషము తొలగిపోగానే లోపల నున్నది కృతజ్ఞత కాదని దొరలకు బాగుగ తెలిసినది.

కావున ఈ పాఠమున కృతజ్ఞత యనునప్పుడు, బాధితుడు చూపవలసిన వినయమని ఎవ్వరును గ్రహింపరాదు. బావినీరు తోడుకొననిచ్చితిమి గదా, గుడిలోనికి రానిచ్చితిమి గదా, మా యెడల కృతజ్ఞులై యుండుడని చెప్పువాడు, దొంగిలించిన సొమ్మును తిరిగి యిచ్చి బహుమానము అడుగువానివంటివాడు. కృతజ్ఞత మనము అభ్యసింపవలసిన ధర్మము. ఒరులయొద్దనుండి వసూలు చేయవలసిన పన్ను కాదు.

4. ఎరుగుట పేరుతో ఆరంభమగును

హైదరాబాదున 1888లో జన్మించిన భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, అస్పృశ్యులని త్రోసివేయబడినవారి పిల్లల కొరకు పాఠశాలలు నడిపిరి. 1917 నవంబరులో బెజవాడయందు పంచమ మహాసభ కూడినప్పుడు వారు అధ్యక్షత వహించిరి. ఆ సభలోనే పంచమ శబ్దము నిరాకరింపబడి, ఆదిఆంధ్రులను నామము స్వీకరింపబడెను. తమవారు నాలుగు వర్ణములకు వెలుపల అయిదవవారు కారనియు, ఈ నేలపై మొదటివారనియు వారి వాదము. 1931 జనాభా లెక్కలలో నిజాము ప్రభుత్వము ఆదిహిందువులను నామమును గుర్తించినది.

చదువరులు ఇందలి సూక్ష్మమును గమనింపవలెను. వారు జాలి యడుగలేదు, ధన్యవాదములు అడుగలేదు. తమ స్థానమును ఎరుగుమని యడిగిరి. కృతజ్ఞతలో మొదటి మెట్టు ఎరుగుటయేనని పైన చెప్పుకొంటిమి. ఎరుగుట పేరుతో ఆరంభమగును. ఏండ్ల తరబడి మన వాకిలి ఊడ్చిన స్త్రీని ఆమె కులము పేరితోనో, ఒసే యనియో పిలిచి, ఆమె యింటిపేరు గాని, బిడ్డల పేర్లు గాని తెలియనివారు మనలో ఎందరు లేరు!

కోస్తా ప్రాంతమున బ్రహ్మసమాజపు పెద్దలైన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు (1862–1939) కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి; 1925లో మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. అంత ఉన్నతపదవియందున్నవారు అనాథ శిశువులను కులము విచారింపక చేరదీసి పెంచిరి. సంస్కరణము సభలో తీర్మానముగా మొదలై ఇంటి గడప యొద్ద ఆగిపోరాదని వారి నడవడి తెలుపుచున్నది.

5. చట్టముండగా కృతజ్ఞత యేల?

ఇచ్చట విద్యావంతులొక ఆక్షేపణ చేయుదురు: 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగములో 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది, 1955లో దానిని శిక్షించు చట్టము వచ్చినది, 1976లో వెట్టికార్మికత రద్దయినది, 1989లో షెడ్యూల్డు కులములపై, తెగలపై జరుగు అత్యాచారములను నివారించు చట్టము వచ్చినది. ఇన్ని చట్టములుండగా కృతజ్ఞత యను మెత్తని మాటతో పని యేమి?

చట్టము అత్యవసరము. అది లేనిచో దుర్బలునకు నిలువ నీడ లేదు. అయినను 1985 జూలై 17న ప్రకాశము జిల్లా కారంచేడులో జరిగినది స్మరింపుడు. తాము త్రాగు చెరువునీటిని మలినపరుపవద్దని అడ్డుచెప్పుటయే అచ్చటి మాదిగల అపరాధమయ్యెను. పెత్తందారులు వారి వాడపై పడి ఆరుగురిని చంపిరి. నాటికి అస్పృశ్యతను శిక్షించు చట్టము పుట్టి ముప్పది యేండ్లు. ఆ వాడవారి చేతులతో పండిన పొలములవలన ఊరు భాగ్యవంతమై యుండెను. ఎవరి శ్రమచేత తాము బ్రదుకుచున్నారో వారు తమతో సమానముగ మాటాడుటయే సహింపరాని నేరముగా తోచినది. ఆ గర్వము నేరము జరిగిన దినమున పుట్టినది కాదు. ప్రతిదినమును, ప్రతి భోజనమునందును, మరపుచేత పోషింపబడినది. నేరము జరిగిన పిదప చట్టము వచ్చును. అంతకుముందు ఇంటిలో జరుగవలసిన శిక్షణమును చట్టము చేయజాలదు.

మరియొక ఆక్షేపణ దీనికి విరుద్ధమైనది. కృతజ్ఞతవలన మనస్సునకు సుఖము కలుగును గనుక అదియే చాలునని కొందరందురు. అమెరికాయందు ఎమ్మన్సు, మెకల్లో అను మనశ్శాస్త్రజ్ఞులు 2003లో ప్రకటించిన పరిశోధనలో, తమకు కలిగిన మేళ్లను క్రమముగా వ్రాసికొన్నవారు తమ జీవితమును గూర్చి ఎక్కువ తృప్తితో నుండిరని తేలినది. ఇది మంచిదే. కాని ఆ తృప్తి మన మనస్సులోనే నిలిచిపోయినచో, కూలివానికి దానివలన లాభమేమి? ఉదయము లేచి భగవంతుని మేళ్లను లెక్కించి, మధ్యాహ్నము పనివానికి వేరు గ్లాసులో నీళ్లు పోయువాని కృతజ్ఞత అర్ధజ్ఞానము. మేలును ఎరిగెను గాని మేలు చేసిన చేతిని ఎరుగలేదు. కృతజ్ఞత న్యాయమునకు బదులుగా నిలువరాదు. న్యాయము చేయుటకు మనస్సును సిద్ధపరుపవలెను.

2024 సెప్టెంబరు 1న కురిసిన భారీవర్షమునకు కేసముద్రమునకును ఇంటికన్నెకును నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు ఆధారము లేక వ్రేలాడెను. రాకపోకలు నిలిచిపోయెను. వందలకొలది కార్మికులు బురదలో నిలిచి, కంకర పోసి, కొలది దినములలో మార్గమును సరిచేసిరి. ఆ మార్గమున పోవు ప్రయాణికుడు కంకర మోసిన చేతుల కులమడిగి రైలెక్కునా? అడుగడు. ఆపద కాలమున మనకు కులము మరపునకు వచ్చును. ఆపద తీరినంతనే ఆ చేతులు మరపునకు వచ్చును. మొదటి మరపును నిలుపుకొని, రెండవ మరపును పోగొట్టుకొనుటయే మనకు కావలసిన అభ్యాసము.

6. అభ్యాస నియమములు

మొదటిది: దినమున కొక్కసారి, భోజనమునకు ముందు, విస్తరిలోని యొక్క పదార్థమును ఎంచుకొని అది యెవరి చేతులమీదుగా వచ్చినదో ఇంటివారందరు వినునట్లు చెప్పుకొనవలెను. తెలిసినంతవరకు పేర్లతో చెప్పవలెను. పేరు తెలియనిచో తెలిసికొనవలెను. పిల్లలకు ఇది చరిత్రపాఠమును నీతిపాఠమును కూడ నగును.

రెండవది: మన యింటను, పొలమునను, కార్యాలయమునను పనిచేయువారిని వయస్సునుబట్టి అన్నా, అక్కా, అమ్మా యనియో, పేరునకు గారు చేర్చియో పిలువవలెను. పెద్దవారిని చిన్నబిడ్డ ఏకవచనమున పిలుచుట విని ఊరకుండు తండ్రి, కులభేదమును తానే బోధించుచున్నాడని యెరుగవలెను.

మూడవది: కూలిని పని ముగిసిన దినముననే, తగ్గింపక, చేతికి అందీయవలెను. దూరమునుండి విసరుట, నేలపై పెట్టి తీసికొమ్మనుట మానవలెను. స్త్రీకి పురుషునితో సమానమైన కూలి యీయవలెను. కూలి యెగవేసి కృతజ్ఞత చెప్పుట అపహాస్యము.

నాలుగవది: నీరు, పాత్ర, ఆసనము అందరికి ఒక్కటిగా నుండవలెను. తెలుగు పల్లెల హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చిరకాలము సాగినది. దాని యింటిరూపము వంటగది మూలన పనిమనిషికై వేరుగా బోర్లించిన గ్లాసు. దానిని ఈ దినముననే తీసివేయవలెను.

అయిదవది: మురుగు నెత్తు పనిలో మనుష్యుని దింపరాదు. 2013 నాటి చట్టము మానవ మలమును చేతులతో ఎత్తు పనిని నిషేధించినది. రక్షణ సాధనములు లేకుండ మురుగుకాలువలలోనికి దింపుటయు నేరము. పారిశుద్ధ్య కార్మికునకు శాలువ కప్పుటకంటె అతనికి యంత్రమును, రక్షణ వస్త్రములను, స్థిరమైన జీతమును సమకూర్చుమని పురపాలకులను అడుగుట మేలైన కృతజ్ఞత.

ఆరవది: వారి బిడ్డల చదువు మన ఋణములో భాగమని తలపవలెను. పుస్తకమిచ్చి పొగడ్త కోరరాదు. ఆ బిడ్డ చదివి పెద్దయై మన యెదుట కుర్చీలో కూర్చున్న దినమున మన మనస్సులో ముల్లు గ్రుచ్చుకొనకుండిన, మన అభ్యాసము ఫలించినదని యెరుగవచ్చును.

7. ఆత్మపరీక్ష

చదువరులు ఈ క్రింది ప్రశ్నలకు ఏకాంతమున సమాధానము చెప్పుకొందురు గాక.

మన యింటి పని చేయువారి పూర్తి పేరు, ఊరు, బిడ్డల చదువు మనకు తెలియునా? వారు మన యింట ఏ గ్లాసుతో నీరు త్రాగుచున్నారు? వారి యింట మన మెన్నడైన నీరు త్రాగితిమా? వారు మన మాటను కాదన్నప్పుడు, న్యాయమైన కూలి యడిగినప్పుడు, మనకు కలుగు మొదటి భావము ఆలోచనయా, కోపమా? ఎంత చేసినను విశ్వాసము లేదు అను మాట మన నోట ఎన్నిసారులు వచ్చినది? ఆ మాట వచ్చిన ప్రతిసారియు, ఎవరు ఎవరికి చేసిరో లెక్క సరిచూచుకొంటిమా?

సోదర సోదరీమణులారా! ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానములు మనకు ప్రియముగా నుండకపోవచ్చును. అప్రియమైనను లెక్క లెక్కయే. తరతరములుగా ఒకరి శ్రమ మరియొకరి ఖాతాలో వ్రాయబడినది. ఆ ఖాతాను తిరుగవ్రాయుట ఒక్క దినములో ముగియదు. ఒక్క సభతోను, ఒక్క సహపంక్తి భోజనముతోను ముగియదు. కాని నేటి భోజనమునుండియే ఆరంభింపవచ్చును. విస్తరి ముందర కూర్చున్నప్పుడు దానివెనుక నున్న చేతులను ఎరుగుదము. ఎరిగినవారిని పేరితో పిలుతము. పిలిచినవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొందము. వారికి రావలసినది వారికి చెల్లింతము. ఇంతవరకును చేసిననాడే కృతజ్ఞులమను పేరు మనకు తగును.